‘నిండుకుంది’కి పచ్చ రంగు

వెబ్ డిజైన్ నేర్చుకునే పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికొస్తారు. "మేడమ్, మీకు ఐడియాలు ఎక్కణ్ణుంచి వచ్చేవి?" అని అడుగుతారు. వాళ్ళ ఫోన్లలో దేశదేశాల సైట్ల బొమ్మలు దాచుకుని ఉంటారు. ఏ రంగు పక్కన ఏ రంగు నప్పుతుందో చెప్పే పట్టికలుంటాయి. మా నాన్న కిరాణా కొట్టు నుంచి వచ్చాయర్రా అంటే పెద్దావిడ వేళాకోళమాడుతోందని నవ్వుకుంటారు. అందుకే ఇది రాస్తున్నాను. ఇకమీదట అడిగినవాళ్ళకి దీని ప్రతి ఒకటి చేతిలో పెట్టి, నా కాఫీ నేను చల్లారకుండా తాగొచ్చు.

నేను పుట్టింది నరసన్నపేటలో, కొట్టు వెనక గదిలో. మా వాళ్ళందరివీ కొట్లే. ఒక బాబాయికి బట్టలు, మేనమామకి ఇనుప సామాను, మేనత్తగారికి పాత్రలు. పలక పట్టకముందే బేరం పట్టాను. ఇప్పటికీ ఆర్టీసీ బస్సులో కండక్టరు టిక్కెట్టు ధర చెబితే ఒక్క క్షణం ఆగి అతని మొహంలోకి చూస్తాను, ఏమైనా తగ్గిస్తాడేమోనని. ఇంతవరకూ తగ్గించలేదు. ప్రయత్నం మాత్రం మానలేదు.

విజయనగరంలో మొదట శుభలేఖలు, కరపత్రాలు కంప్యూటర్లో కూర్చే పని చేశాను. తర్వాత వెబ్ పేజీలకి మళ్ళాను. మా ఆఫీసులో యజమాని ఎప్పుడూ ఊళ్ళు తిరుగుతూ ఉండేవాడు. పేజీ ఎలా కనపడాలో నేను చూసేదాన్ని. అది పనిచేసేలా ప్రోగ్రాము రాసేవాడు ఇంకొకతను. గరివిడి ఫ్యాక్టరీ క్వార్టర్సులో పెరిగిన కుర్రాడు. చుట్టూ అన్ని రాష్ట్రాల వాళ్ళ మధ్య ఉండటం వల్ల హిందీ, ఇంగ్లీషు గడగడా మాట్లాడేవాడు. తెలుగు మాత్రం వాళ్ళమ్మతో అన్నం దగ్గర మాట్లాడేంత. పనిలో మహా చురుకు. నేను పేజీలో గీత అటు జరపరా అంటే, ఎందుకు జరపాలో అడిగి మరీ జరిపేవాడు.

నేను ఆ ఆఫీసులో పనిచేసిన పదేళ్ళ నడిమి రోజుల్లో మా దగ్గరికి ఒక మందుల షావుకారు వచ్చాడు. గరివిడి, చీపురుపల్లి, రాజాం, ఆమదాలవలస వరకూ మందుల కొట్లకి ఆయనే సరఫరా. ఏ కొట్లో ఏ మందుందో జనానికి తెలిసేలా ఒక పేజీ కావాలన్నాడు. కొట్లవాళ్ళు ఒక నంబరుకి మెసేజి పంపితే అది తనంత తాను పేజీలోకి ఎక్కాలి. ఆ రోజుల్లో అదే పెద్ద సంబరం.

నేను ఊరుకుంటానా? అప్పటికి పెద్ద సైట్లన్నిట్లో ఒకటే మోజు. పై భాగమంతా ఆక్రమించే ఫోటోలు, ఒకటి జరిగిపోతే ఇంకొకటి వచ్చేవి. నేనూ అలాగే పెట్టాను. తెల్లకోటు వేసుకుని, స్టెతస్కోపు మెళ్ళో వేసుకుని నవ్వుతున్న ఒక తెల్లదొరసాని. షావుకారు కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు.

"ఈవిడెవులు పాపా?"

"డాక్టరండీ. ఊరికే, బొమ్మ."

"మన జిల్లాలో ఏ ఆసుపత్రిలో ఉన్నాది?"

"ఎక్కడా లేదండీ. అందం కోసం."

"కనపడని డాక్టర్ని సూపించి మందులమ్మమంటావేటి? తీసీ."

అలా ఒక్కొక్కటీ తీయించాడు. జరిగే బొమ్మలు పోయాయి. నీడలు పోయాయి. మెరిసే బొత్తాలు పోయాయి. నేను ఒక్కోదానికీ పోరాడాను, ఒక్కోటీ ఓడిపోయాను. మా జాతివాడే కదా, నా ఎత్తులన్నీ ఆయనకి తెలుసు. చివరికి అక్షరాలు, పక్కన చిన్న రంగు చుక్కలు మిగిలాయి. ఆ ఓటమికి పరిహారంగా పేజీ అడుగున మా ఆఫీసు పేరూ చిరునామా పెద్దక్షరాల్లో వేసుకుంటానని పట్టుబట్టి గెలిచాను. ఊరికే వచ్చే ప్రచారం వదులుకునే ఇంటి పిల్లని కాను.

తర్వాత మాటల బేరం. మందు ఉంటే ‘ఉంది’. అయిపోతే? ‘లేదు’ అని రాసి చూపించాను. షావుకారు కుర్చీలోంచి లేచాడు.

"మా కొట్టు మీద నేదని రాస్తావేటి? మా నాన్న పోయేదాకా ఆ మాట అన్నేదు, నానూ అన్నేదు. పొద్దున్నే తలుపు తీసి ఆ మాట ఎవులైనా రాసుకుంటారేటి?"

నాకు సిగ్గేసింది. మా ఇంట్లోనూ అంతే. ఉప్పు అయిపోయిందని చిన్నప్పుడు గట్టిగా అరిచినందుకు మా నాయనమ్మ వీపు మీద ఒక్కటి వేసింది. బియ్యమైనా, నూనైనా, పసుపైనా మా కొట్లో అయిపోయేది కాదు. నిండుకునేది. దీపం ఆరిపోయేది కాదు, కొండెక్కేది. మీలో చాలామంది ఇళ్ళలో ఇప్పటికీ అలాగే అంటారు.

"అయితే నిండుకుంది అని పెడతానండీ."

షావుకారు కూర్చున్నాడు. "అదీ మాటంటే."

ప్రోగ్రాము రాసే కుర్రాడికి చెప్పాను. కొట్లవాళ్ళు ఉంది అని పంపిస్తారు, లేకపోతే నిండుకుంది అని పంపిస్తారు, రంగు చుక్కలు నువ్వే చూసి పెట్టు. అతను సరేనన్నాడు. ప్రారంభం రోజున అన్ని కొట్లూ శుభమా అని ‘ఉంది’ అనే పంపించాయి. పేజీ అంతా పసుపు చుక్కలు. షావుకారు కొబ్బరికాయ కొట్టి కంప్యూటరుకి హారతి కూడా ఇచ్చాడు. నేను వేరే పనిలో పడిపోయాను. కొన్నాళ్ళకి కుర్రాడు మాటల్లో అన్నాడు, "మేడమ్, లేదు అని ఎవరైనా పంపిస్తే ఎర్ర చుక్క వచ్చేలా నేనే పెట్టాను. ఇంతవరకూ జిల్లాలో ఒక్క ఎర్ర చుక్క కూడా రాలేదు!" ఎంత బాగా నడుస్తున్నాయో కొట్లు అనుకున్నాను.

ఆ తర్వాత ఆ పెద్ద తుపాను వచ్చింది. ఉత్తరాంధ్రలో ఆ రోజుల్లో ఉన్నవాళ్ళకి నేను వర్ణించక్కర్లేదు, లేనివాళ్ళకి వర్ణించలేను. గాలి ఆగాక వీధిలోకొస్తే తెలిసిన ఊరు కనిపించలేదు. చెట్లన్నీ పడుకున్నాయి. కరెంటు స్తంభాలు ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి. ఫోన్లు మూగబోయాయి.

మా ఆఫీసు పక్క లాడ్జిలో జనరేటరుండేది. దాని మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన ఒక మూల సన్నగా సిగ్నలు తగిలేది. ప్రోగ్రాము కుర్రాడు ల్యాప్‌టాప్ పట్టుకుని అక్కడికి చేరాడు. నేనూ ఎక్కాను. నెట్టు ఎంత నీరసంగా వచ్చేదంటే పెద్ద సైట్లు ఏవీ తెరుచుకునేవి కాదు. బొమ్మలన్నీ సగంలో ఆగిపోయేవి. మా షావుకారు పేజీ మాత్రం మీటల ఫోన్లో కూడా తెరుచుకుంది. అందులో మోయడానికి ఏమీ లేదు కదా, అక్షరాలే. నేను నోరు తెరుచుకుని చూశాను. ఆ పేజీ ఉన్న సర్వరు, అంటే దాన్ని దాచిపెట్టి అడిగినవాళ్ళకి అందించే కంప్యూటరు, ఎక్కడో వేరే రాష్ట్రంలో చల్లటి గదిలో ఉంది. దానికి తుపాను సంగతే తెలీదు. మా ఊరు చీకట్లో ఉంది, మా ఊరి సంగతులు మాత్రం వెలుగులో ఉన్నాయి.

సిగ్నలు అందిన చోటల్లా కొట్లవాళ్ళు మెసేజీలు పెడుతున్నారు. తుపానులో మందుల కోసం జనం తిరుగుతున్నారు కనుక పేజీ సంగతి నోటి మాటగా పాకింది. అంతవరకూ షావుకారు ముచ్చటగా ఉన్న పేజీ జిల్లాకి అవసరమైపోయింది.

ఆ మధ్యాహ్నం ఒకావిడ మేడెక్కి వచ్చింది. తడిసిన చీర, బురద కాళ్ళు. మిషను బడిలో టీచరు. పేజీ అడుగున పెద్దక్షరాల్లో ఉన్న మా చిరునామా పట్టుకుని ఆఫీసుకెళ్ళి, అక్కణ్ణుంచి లాడ్జికి వచ్చింది.

"ఈ పేజీ కట్టింది మీరేనా?"

"నేనేనండీ," అన్నాను, కొంచెం గర్వంగానే.

అంతే. బడి తెలుగు పోయి ఇంటి తెలుగొచ్చేసింది ఆవిడకి. "పచ్చ సుక్కెట్టి పిలుస్తారేటమ్మా? మా తమ్ముడి స్కూటరు మీద, పడిపోయిన సెట్ల మీంచి ఎక్కించి దింపించి గరివిడి ఎల్లేను. కొట్టాయన సల్లగా ‘నిండుకుంది తల్లీ, అదే కదా పంపించేను’ అంటాడు! నా పిల్ల ప్రాణం మీకు ఆటగా ఉన్నాదా?"

కూర్చోబెట్టి నీళ్ళిచ్చాక విషయం చెప్పింది. ఇంటర్ చదివే కూతురు. చిన్నప్పుడే చక్కెర జబ్బు వచ్చింది. పూటపూటకీ ఇన్సులిన్ సూది పడాల్సిందే, పడకపోతే మనిషి నిలవదు. గాలికి పెంకులు కూలి అల్మరా పడిపోయి సీసాలు పగిలాయి. మిగిలిన మందు మర్నాడు పొద్దుటి వరకే వస్తుంది. పెద్దాసుపత్రికి రావలసిన మందుల లారీ రోడ్డు తెగి దారిలో ఆగిపోయింది.

నేను పేజీ చూశాను. ఇన్సులిన్ వరసలో కొట్టు కొట్టుకీ నిగనిగలాడే ఆకుపచ్చ చుక్క. పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట: నిండుకుంది, నిండుకుంది, నిండుకుంది.

"ఒరే నాన్నా, నిండుకుందికి పచ్చ ఎందుకు పెట్టేవురా?"

"ఫుల్ స్టాక్ కదా మేడమ్. గ్రీన్."

"ఫుల్లని ఎవరు చెప్పారు?"

"నిండు అంటే ఫుల్ కదా. నిండు చెరువు. నిండు గర్భిణి. బస్సు నిండిపోయింది అంటాం. ఉంది అంటే కొంచెం ఉన్నట్టు, అందుకని ఎల్లో. నిండుకుంది అంటే బాగా..."

"కొట్లో నిండుకుందంటే అయిపోయిందనిరా!"

అతను పేజీకేసి, నాకేసి, ఆ తల్లికేసి చూశాడు. "అయిపోతే అయిపోయిందని చెప్పొచ్చు కదా మేడమ్. నిండిందని ఎందుకు చెప్తారు?"

టీచరుగారు కోపం మరిచిపోయి నాకేసి చూసింది. ఆవిడకి కూడా జవాబు కావాలనిపించినట్టుంది. పుట్టినప్పట్నుంచీ అంటున్న మాట. గుమ్మంలో నిలబడ్డ మనిషికి మొహాన లేదని చెప్పలేక, ఎప్పుడో ఎవరో దాన్ని తిరగేసి పలికారు. ఆ మొహమాటం తరాలు దాటి మా నోళ్ళలోకి వచ్చి, అక్కణ్ణుంచి వేరే రాష్ట్రంలో ఉన్న కంప్యూటర్లోకి పోయి, పచ్చగా వెలిగింది.

కుర్రాడు వెంటనే రంగు మార్చాడు. పేజీ మళ్ళీ తెరిచాం. ఇన్సులిన్ వరస పైనుంచి కిందకి ఎర్రబడింది.

"ఇప్పుడు నిజం చెప్పింది," అంది టీచరుగారు. "నిజంతో నానేటి సేసుకోను?"

ఆ మాట నాకు తగిలింది. మీకు ఎవరైనా డిజైనంటే ఏమిటో చెబితే ఈ ప్రశ్న పక్కన పెట్టి చూడండి. మా పేజీ తప్పు చెప్పడం మానేసింది, అంతే. ఆవిడ చేతిలో ఏమీ పెట్టలేదు.

మా నాన్న ఏం చేసేవాడు? సరుకు నిండుకుంటే, అడిగిన మనిషిని అలా నిలబెట్టి పంపేవాడు కాదు. గద్దె దిగి వీధిలోకొచ్చి, చెయ్యి చాపి, ఫలానా కొట్లో అడుగు అని చూపించేవాడు. మామూలు సరుకైతే మాకు కావలసినవాళ్ళ కొట్టు. మందో, పసిపిల్లల పాలడబ్బానో అయితే మాతో మాటల్లేనివాళ్ళ కొట్టయినా సరే.

"ఒరే, ఇకనుంచి వాళ్ళు ఏం రాసినా ఉన్నదున్నట్టు పేజీలో పడాలి. అందులో ఇంకో కొట్టు పేరుంటే, దాని మీద నొక్కితే ఆ కొట్టు వరస రావాలి. అవుతుందా?"

"అవుతుంది మేడమ్." ఈసారి ఎందుకని అడగలేదు.

కొట్లన్నిటికీ మెసేజి పెట్టాం. నిండుకుంటే ఎక్కడ అడగాలో కూడా రాయండి, ఇన్సులిన్, ఒక ఆడపిల్లకి, రేపు పొద్దుటిలోగా అని. ముందుగా గరివిడి కొట్టాయనకి ఫోను కలిసింది. పక్కనున్న చీపురుపల్లి కొట్టు ఆయన బావగారిది. స్థలం గోడ దగ్గర మాటా మాటా వచ్చి ఏళ్ళుగా పలకరింపుల్లేవు. ఆ సంగతి షావుకారే నాకు చెప్పాడు.

"మీ బావగారి కొట్లో ఉందేమో రాయండి మావా."

"ఆడి పేరు నా నోట రాదు తల్లీ."

"నోటితో వద్దు. వేళ్ళతో కొట్టండి."

అటు నుంచి ఒక చిన్న నవ్వు వినపడింది.

"నువ్వు కొట్టోళ్ళ పిల్లవేటి?"

"అవును మావా."

"అనుకున్నాను," అని పెట్టేశాడు.

ట్యాంకు నీడలో ముగ్గురం కూర్చున్నాం. కుర్రాడు పేజీ మళ్ళీ మళ్ళీ తెరుస్తున్నాడు. ఒక్కోసారి సగంలో ఆగిపోయేది. అప్పుడొచ్చింది గరివిడి వరస: "నిండుకుంది. చీపురుపల్లిలో మా బావ కొట్టు అడగండి. మనిషి తిక్కోడు గాని మందు దాచడు."

టీచరుగారు గట్టిగా చదివి నవ్వేసింది. కళ్ళ నీళ్ళతో నవ్వు.

కాసేపటికి చీపురుపల్లి: "నిండుకుంది. నిన్నటేల దాకా ఉన్నాది. రాజాం పెద్దబజారు కొట్టు సూడండి. గరివిడోడు ఎలాగున్నాడు, ఇల్లు బాగున్నాదా?"

పేజీలో మందుల సంగతి తప్ప ఇంకోటి ఉండకూడదని షావుకారు ముందే షరతు పెట్టాడు. ఆ వరస తీసెయ్యాలా మేడమ్ అని కుర్రాడు అడగను కూడా అడగలేదు.

తర్వాత రాజాం: "నిండుకుంది. ఆమదాలవలస టేసను కాడ కొట్లో ఐసులో పెట్టి ఉంచేరని లారీ డ్రైవరు సెప్పేడు. ఆడు నిజమే సెప్తాడు."

నేను ఎన్నో పేజీలు కట్టాను. ప్రతిదీ ఎలా ఉండాలో నేను అనుకున్నట్టే ఉండేది, అంతకంటే ఒక్క అంగుళం ఎక్కువ ఉండేది కాదు. ఇక్కడ నేను గీయని దారి ఒకటి నా కళ్ళ ముందు గీసుకుంటోంది. ఊరి నుంచి ఊరికి, రైలు పట్టా లేచిపోయిన చోట, రోడ్డు తెగిన చోట, కరెంటు లేని కొట్లలోంచి ఒక్కో మనిషీ గద్దె దిగి వీధిలోకొచ్చి చెయ్యి చాపుతున్నట్టే ఉంది. నేనూ కుర్రాడూ తెర మీద నుంచి కళ్ళు తిప్పలేదు.

ఆమదాలవలస వరస చాలాసేపు రాలేదు. టీచరుగారు పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది. నేను దేవుడితో నాకు చేతనైన భాషలో బేరం మొదలుపెట్టాను. పేజీ ఒకసారి తెల్లగా అయిపోయింది. మళ్ళీ తెరుచుకుంది. పసుపు చుక్క.

"ఉంది. రంపం పొట్టులో ఐసు, ఐసు మీద గుడ్డ, గుడ్డ మీద సీసా. మందు గడ్డ కట్టకుండా సూస్తన్నాను. ఆ పిల్లకి రెండు పక్కనెట్టేను. ఎవులడిగినా ఇవ్వను. సీకటి పడినా కొట్టు మూయను. రండి."

టీచరుగారు లేచిన విసురుకి నీళ్ళ గ్లాసు పడిపోయింది. కింద స్కూటరు మీద తమ్ముడు. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, "మిమ్మల్ని అన్న మాటలు..." అంది.

"తర్వాత తీరిగ్గా అనండి. ముందు వెళ్ళండి."

ఆ తర్వాత ఆవిడ ఫోను కలవలేదు. ఆమదాలవలస కొట్టు నుంచి కూడా ఏ కబురూ రాలేదు. అటు టవరు పడిపోయిందన్నారు. రాజాం దాటాక వాగు పొంగిందని ఎవరో అన్నారు. నేనూ కుర్రాడూ చీకటి పడేదాకా పేజీ తెరుస్తూనే కూర్చున్నాం.

మర్నాడు ఎండెక్కాక మేడ మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. రెండు జడల పిల్ల, చేతిలో మీటల ఫోను. సన్నగా ఉంది, కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి.

"మా అమ్మ మిమ్మల్ని తిట్టిందట కదండీ. పడుకునుంది, లేవట్లేదు. నన్ను సారీ చెప్పి రమ్మంది."

"సూది?" అన్నాను.

"పొద్దున్నే వేసుకున్నాను. సీసాకి పొట్టు వాసన." నవ్వింది. "ఆ పేజీ ఒకసారి చూడొచ్చాండీ?"

కుర్రాడు ల్యాప్‌టాప్ ఆ పిల్ల వైపు తిప్పాడు. పిల్ల నేల మీద కూర్చుని పైనుంచి చదివింది. గరివిడి. చీపురుపల్లి. రాజాం. ఆమదాలవలస. ఒక్కో వరస దగ్గరా ఆగి, వేలు పెట్టి, నెమ్మదిగా. చివరి వరస రెండుసార్లు చదివింది.

"వీళ్ళెవరికీ నా పేరు కూడా తెలీదు కదండీ."

"తెలీదు."

పిల్ల తన ఫోను తీసి, పేజీ మీదున్న నంబరు చూసి ఏదో కొట్టింది. కొట్ల నంబర్లు తప్ప వేరే నంబర్లను ఆపే పని షావుకారు దండగన్నాడు కనుక మేం చెయ్యలేదు. పేజీ మళ్ళీ తెరిస్తే, అన్నిటికంటే పైన, ఏ కొట్టు పేరూ లేకుండా, ఏ రంగు చుక్కా లేకుండా ఒక్క మాట వచ్చింది.

"దొరికింది."

ముగ్గురం దాన్నే చూస్తూ కూర్చున్నాం. కుర్రాడు అలవాటుగా ఇంకోసారి పేజీ తెరిచాడు. దాని కింద చీపురుపల్లి కొట్టు నుంచి కొత్త వరస:

"పిల్ల తిన్నాదా?"

ఆ పిల్ల ఫోను ఒళ్ళో పెట్టుకుని, జడ వెనక్కి తోసుకుని, ఏం తిన్నదో మొదటి నుంచీ కొట్టడం మొదలుపెట్టింది.